డయల్ మీద 40, గాలిలో ఎంత? హ్యాంగ్ గ్లైడర్ ఎయిర్‌స్పీడ్ లెక్కలు

క్లుప్తంగా: హ్యాంగ్ గ్లైడర్ (ఇంజన్ లేని రెక్క కింద పైలట్ వేలాడుతూ ఎగిరే వాహనం) ఎగిరే వేగాల్లో సెన్సర్‌కు అందే గాలి పీడనం చాలా తక్కువ. అందుకే చిన్న తేడా వచ్చినా రీడింగ్ గంటకు 3 నుంచి 5 కి.మీ. దాకా అటూ ఇటూ అవుతుంది. చాలాసార్లు తప్పు పరికరంలో ఉండదు. దాన్ని ఎక్కడ బిగించారన్నదాంట్లో, అది చూపిస్తున్నది ఏ వేగమన్న అయోమయంలో ఉంటుంది. గ్లైడర్‌కి బిగించాక, ఎగురుతూ సరిచూసుకున్న రీడింగ్‌నే నమ్మవచ్చు.

రెండు హ్యాంగ్ గ్లైడర్లు పక్కపక్కనే, ఒకే ఎత్తులో, ఒకదాన్నొకటి దాటకుండా వెళ్తున్నాయనుకుందాం. ఒక పైలట్ డయల్ మీద 42 ఉంటుంది, రెండో పైలట్ డయల్ మీద 48. కిందికి దిగాక రెండు పరికరాలనీ ఒకే ఫ్యాన్ గాలికి పెట్టి చూస్తే రెండూ ఒకే అంకె చూపిస్తాయి. దేనికీ రిపేరు అక్కర్లేదు. మరి పైన ఆ 6 కి.మీ. తేడా ఎక్కడ పుట్టింది?

ఇది మామూలు అనుమానమేమీ కాదు. సుమారు 32 దగ్గర స్టాల్ అయ్యే, అంటే ఎత్తిపట్టే బలం కోల్పోయే రెక్క మీద 6 కి.మీ. తేడా అంటే హాయిగా ఎగరడానికీ ముక్కు వాల్చి జారిపోవడానికీ మధ్య ఉన్న జాగా మొత్తం అదే. కొత్త పరికరం కొన్న పైలట్లు ముందుగా సెన్సర్‌ని అనుమానిస్తారు, ఆ తర్వాత బ్యాటరీని, చివరికి తయారీదారుని. దాన్ని బిగించిన క్లాంపు మీదికి మాత్రం ఎవరి దృష్టీ పోదు.

అందే పీడనమే పిసరంత

ఎదురుగా వచ్చే ప్రవాహాన్ని ఒక గొట్టం మూతిలో ఆపి, అక్కడ పెరిగిన పీడనాన్ని బట్టి వేగం కట్టడం పాత పద్ధతి. ఫ్రెంచ్ ఇంజనీర్ హెన్రీ పిటో 1732లో సెన్ నది ప్రవాహాన్ని కొలవడానికి ఈ గొట్టం వాడాడు. నేటి విమానాల ముక్కు దగ్గర కనిపించే గొట్టాలూ, హ్యాంగ్ గ్లైడర్ పరికరం నుంచి ముందుకు పొడుచుకొచ్చే సన్నటి గొట్టమూ దాని వారసులే.

ఇందులో ఉన్న లెక్క ఒక్కటే. పెరిగే పీడనం గాలి సాంద్రతలో సగానికి, వేగం వర్గానికి లబ్ధం. సముద్రమట్టం దగ్గర గంటకు 36 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లతో వెళ్తే ఈ పీడనం సుమారు 61 పాస్కల్. చుట్టూ ఉన్న వాతావరణ పీడనం 1,01,325 పాస్కల్. అంటే వెయ్యింట ఒక వంతు కూడా లేదు. నీళ్లు పోసిన యు ఆకారపు గొట్టానికి ఇదే పీడనం ఇస్తే రెండు వైపుల మట్టాల మధ్య 6 మి.మీ. తేడా వస్తుంది, అంతే. మరో రకంగా చెప్పాలంటే, 5 మీటర్ల ఎత్తు ఎక్కితే వాతావరణ పీడనం ఎంత తగ్గుతుందో అంత.

వర్గం లెక్క వల్ల ఇంకో చిక్కు ఉంది. వేగం 72 నుంచి 76కి పెరిగితే పీడనం 28 పాస్కల్ మారుతుంది. అదే 4 కి.మీ. తేడా 32కీ 36కీ మధ్య అయితే 13 పాస్కలే. అంటే వేగం తగ్గేకొద్దీ సెన్సర్‌కి దొరికే ఆధారం పలచబడిపోతుంది. పైలట్‌కి కచ్చితమైన అంకె అత్యవసరమయ్యేదీ సరిగ్గా అక్కడే. 5 పాస్కల్ పొరపాటు 72 దగ్గర ముప్పాతిక కి.మీ. కూడా మార్చదు, 36 దగ్గర మాత్రం ఒకటిన్నర కి.మీ. తినేస్తుంది. మామూలు విమానం నడిపేవారికి ఈ బాధ లేదు. వాళ్లు ల్యాండింగ్‌లో కూడా ఇంతకు ఎన్నో రెట్ల పీడనంతో పని చేస్తారు.

ఒక అంకె వెనక మూడు వేగాలు

పైలట్లు పోల్చుకునే అంకెల్లో సగం గొడవ ఇక్కడే మొదలవుతుంది. పిటో గొట్టం ఇచ్చేది ఇండికేటెడ్ ఎయిర్‌స్పీడ్, అంటే పీడనాన్ని సముద్రమట్టపు సాంద్రతతో వేగంగా మార్చి చూపించిన అంకె. గ్లైడర్ చుట్టూ ఉన్న గాలిలో నిజంగా ఎంత వేగంతో కదులుతోందో అది ట్రూ ఎయిర్‌స్పీడ్. నేలతో పోలిస్తే ఎంత వేగమో అది గ్రౌండ్‌స్పీడ్. జీపీఎస్‌కి తెలిసింది ఈ మూడోది మాత్రమే.

పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి మొదటి రెండూ విడిపోతాయి. ప్రామాణిక వాతావరణం ప్రకారం 2,000 మీటర్ల దగ్గర ట్రూ స్పీడ్ ఇండికేటెడ్ కంటే 10 శాతం ఎక్కువ, 3,000 దగ్గర 16 శాతం, 4,000 దగ్గర 22 శాతం. కొండ కింద 32 దగ్గర స్టాల్ అయ్యే గ్లైడర్ 3,000 మీటర్ల ఎత్తున ట్రూ స్పీడ్ 37 దగ్గరే స్టాల్ అవుతుంది. ఇండికేటెడ్ రీడింగ్ మాత్రం అప్పుడూ 32 అనే చెబుతుంది. రెక్కకు తెలిసేది పీడనమే గనక, రెక్క ఎప్పుడు చేతులెత్తేస్తుందో చెప్పడానికి ఇండికేటెడ్ స్పీడే పనికొస్తుంది. ఎంత దూరం వెళ్లగలం, గాలి ఎటు ఎంత వేగంతో వీస్తోంది లాంటి లెక్కలకు ట్రూ స్పీడ్ కావాలి.

గ్రౌండ్‌స్పీడ్‌ని ఎయిర్‌స్పీడ్ అనుకోవడం వీటన్నింటికంటే ప్రమాదకరం. వెనక నుంచి 20 కి.మీ. గాలి తోస్తుంటే 35 ఎయిర్‌స్పీడ్‌తో వెళ్తున్న గ్లైడర్‌ని జీపీఎస్ 55గా చూపిస్తుంది. కింద నేల కూడా జోరుగా పరుగెడుతున్నట్టు కనిపిస్తుంది. అమ్మో స్పీడెక్కువైందని చేత్తో పట్టుకుని వేగం మార్చే బార్‌ని (బేస్ బార్) కాస్త ముందుకు తోస్తే చాలు, వేగం తగ్గి ఉన్న కొద్దిపాటి మార్జిన్ కూడా పోతుంది.

చక్రమా, గొట్టమా?

హ్యాంగ్ గ్లైడర్ పరికరాల్లో రెండు రకాల సెన్సర్లు ఎక్కువ. ఒకటి పిటో. రెండోది చిన్న ఫ్యాన్ లాంటి చక్రం. గాలికి తిరుగుతుంది, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి వేగం చెబుతుంది. చక్రం తిరిగే వేగం గాలి సాంద్రత మీద దాదాపుగా ఆధారపడదు. అందుకే అది చూపేది ట్రూ స్పీడ్‌కి దగ్గర. పిటోది ఇండికేటెడ్. మొదట్లో చెప్పుకున్న ఇద్దరు పైలట్లు 2,500 మీటర్ల ఎత్తున ఉండి, ఒకరిది చక్రం, ఇంకొకరిది పిటో అయితే ఆ 6 కి.మీ. తేడాలో చాలా భాగం అప్పటికప్పుడే తేలిపోతుంది. ఇద్దరివీ సరైన అంకెలే, కాకపోతే వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. కొన్ని పరికరాలు ఎత్తును బట్టి లోపలే ఒకదాన్ని ఇంకోదానిగా మార్చి చూపిస్తాయి. స్క్రీన్ మీద కనిపిస్తున్నది ఏదో మాన్యువల్‌లో ఒకసారి చూసుకోవడం మంచిది.

చక్రానికి తక్కువ వేగాల్లో పీడనం తాలూకు ఇబ్బంది ఉండదు. ఆ మేరకు అది మెరుగు. కానీ బేరింగ్‌లో దుమ్ము చేరినా, ల్యాండింగ్‌లో గడ్డి పోచ చుట్టుకున్నా తక్కువ చూపిస్తుంది. గాలి పక్కనుంచి తగిలితే కూడా అంతే. 20 డిగ్రీల వాలులో తగిలే గాలిలో నేరుగా వచ్చే భాగం 94 శాతమే. స్టాల్ దగ్గరి నుంచి పూర్తి స్పీడు దాకా గ్లైడర్ దాడి కోణం, అంటే ఎదురొచ్చే గాలికి రెక్క ఎంత వాలుగా ఉందో ఆ కోణం, చాలానే మారుతుంది. సెన్సర్ ఫ్రేమ్‌కే బిగించి ఉంటుంది కాబట్టి అదీ గ్లైడర్‌తో పాటే తలెత్తుతుంది, తలదించుతుంది. సన్నటి మూతి ఉన్న పిటో గొట్టం ఇలాంటి వాలును కొంత ఓర్చుకుంటుంది.

పాత తరం వాళ్లు వాడిన మూడో రకం ఒకటుంది, ఇప్పుడు తక్కువగా కనిపిస్తుంది గానీ చెప్పుకోదగ్గది. పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే నిటారు గొట్టంలో తేలికపాటి బిళ్ల. గాలి దాన్ని పైకి లేపుతుంది, ఎంత లేచిందో అదే వేగం. చూడటానికి బొమ్మలా ఉంటుంది. కానీ గట్టి మలుపులో బిళ్ల బరువు కూడా రెక్క మీది భారంతో పాటే పెరుగుతుంది. 60 డిగ్రీల బ్యాంక్‌లో (పక్కకు వాలిన మలుపులో) భారం రెట్టింపు, స్టాల్ వేగం 1.41 రెట్లు. బిళ్లని అదే గీత దాకా లేపడానికీ 1.41 రెట్ల వేగమే కావాలి. దాంతో తిన్నగా వెళ్తున్నప్పుడు స్టాల్ ఏ గీత దగ్గర వస్తుందో మలుపులోనూ ఆ గీత దగ్గరే వస్తుంది. ఖరీదైన డిజిటల్ డయల్‌కి ఈ సుగుణం లేదు. దానితో ఎగిరే పైలట్ 45 డిగ్రీల మలుపులో 32ని 38గా, 60 డిగ్రీల్లో 45గా మనసులోనే మార్చుకోవాలి.

అసలు తంటా బిగించిన చోటుదే

గ్లైడర్ తన చుట్టూ ఉన్న గాలిని తానే కెలుకుతుంది. బేస్ బార్ దగ్గర సెన్సర్‌కి తగిలేది దూరం నుంచి వస్తున్న నిమ్మళమైన గాలి కాదు, రెక్కా పైలటూ గొట్టాలూ కలిసి మార్చేసిన గాలి.

మొదటిది రెక్క. లిఫ్ట్ (ఎత్తిపట్టే బలం) పుట్టాలంటే రెక్క పైన గాలి వేగం పెరగాలి, కింద తగ్గాలి. బేస్ బార్ ఉండేది ఆ కింది భాగంలోనే. మోటుగా ఒక లెక్క కట్టవచ్చు. పైలట్‌తో కలిపి 110 కిలోల గ్లైడర్, 10 మీటర్ల రెక్కపొడవు, రెక్కకు 1.6 మీటర్ల కింద బార్. గంటకు 36 కి.మీ. దగ్గర ఆ బార్ వద్ద గాలి సుమారు 3 కి.మీ. నెమ్మదిస్తుంది. 72 దగ్గర ఒకటిన్నర మాత్రమే. శాతాల్లో చూస్తే 8 శాతం ఒకచోట, 2 శాతం ఇంకోచోట. కాబట్టి నిమ్మళంగా ఎగురుతున్నప్పుడు పరికరం తక్కువ చూపిస్తుంది, స్పీడు పెంచేకొద్దీ నిజానికి దగ్గరపడుతుంది. మొత్తం మీద ఒకే దిద్దుబాటు శాతం పెట్టుకుంటే ఒక చివర సరిపోయి ఇంకో చివర తప్పడానికి కారణం ఇదే.

రెండోది పైలట్. పడుకుని ఎగిరే మనిషి తల, భుజాలు గాలికి పెద్ద అడ్డం. బార్ మధ్యలో, హెల్మెట్‌కి సరిగ్గా ఎదురుగా పెట్టిన సెన్సర్‌కి ఆగి ఆగి వచ్చే గాలే దక్కుతుంది. పైగా పైలట్ బార్ లాక్కున్నప్పుడు ఒంటి స్థానం మారుతుంది, ఆ అడ్డమూ మారుతుంది. డయల్ కళ్లెదుట ఉండాలన్న సౌకర్యం కోసం చాలామంది పరికరాన్ని అక్కడే పెడతారు. డయల్‌ని అక్కడే ఉంచి సెన్సర్‌ని మాత్రం వైరుతోనో వైర్‌లెస్‌గానో బార్ మూల వైపు పంపడం ఇందుకే మేలు.

మూడోది గ్లైడర్ ఫ్రేమ్ గొట్టాలు. ఇది దగ్గరగా చూడదగ్గ విషయం. 30 మి.మీ. గుండ్రటి గొట్టం ముందు, దాని మధ్యబిందువు నుంచి 4.5 సెం.మీ. దూరంలో గాలి వేగం సిద్ధాంతం ప్రకారం 11 శాతం తగ్గి ఉంటుంది. అంతే దూరంలో గొట్టానికి పక్కన అయితే 11 శాతం పెరిగి ఉంటుంది. అంటే ఒకే క్లాంపుని పావు వంతు తిప్పితే చాలు, 40 చూపాల్సిన పరికరం 36 నుంచి 44 దాకా ఎక్కడైనా నిలబడవచ్చు. దూరాన్ని 15 సెం.మీ.కి పెంచితే ఈ ప్రభావం ఒక శాతానికి పడిపోతుంది. గొట్టం మందానికి కనీసం 5 రెట్ల దూరం అనేది గుర్తుంచుకోదగ్గ కొలత. గొట్టం వెనక మాత్రం ఎంత దూరమైనా వద్దు, అక్కడంతా సుడులే.

పిటో పరికరాలకి నాలుగో బాధ కూడా ఉంది. మూతిలో ఆగిన గాలి పీడనాన్ని దేనితోనో పోల్చాలి, అదే స్టాటిక్ పీడనం, అంటే చుట్టూ ఉన్న గాలి మామూలు పీడనం. మంచి పిటో గొట్టాలకు మూతి నుంచి వెనగ్గా, పక్కల మీద సన్నటి రంధ్రాలు ఉంటాయి, ఇవి దాన్ని అందిస్తాయి. చౌకగా తేల్చేయాలంటే పరికరం డబ్బా లోపలి గాలినే స్టాటిక్‌గా తీసుకుంటారు. కానీ ఆ డబ్బా గాలిలోనే ఉంది. దాని రంధ్రం డబ్బా పక్కనో వెనకో ఉంటే అక్కడ పీడనం కాస్త తగ్గుతుంది, దాంతో డయల్ ఎక్కువ చూపిస్తుంది. ముందు వైపు తిరిగి ఉంటే దీనికి వ్యతిరేకం. కొన్నిసార్లు ఈ పొరపాటూ రెక్క వల్ల వచ్చే పొరపాటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అంకె సరిగ్గా కనిపిస్తుంది కూడా. ఆ పైలట్ పాడ్ (పరికరాన్ని ఉంచే తొడుగు) మార్చిన రోజున పరికరం పాడైందనుకుంటాడు.

స్విచ్ వేసిన క్షణం

ఇప్పటి పిటో పరికరాల్లో ఉండే చిప్ సెన్సర్లు ఉష్ణోగ్రతను బట్టి కొద్దికొద్దిగా జరుగుతుంటాయి. అందుకే చాలా పరికరాలు ఆన్ చేయగానే అప్పుడున్న పీడనాన్ని సున్నాగా రాసుకుంటాయి. గాలి తగలని చోట ఇది బాగానే పని చేస్తుంది. లాంచ్ దగ్గర గ్లైడర్‌ని గాలికి ఎదురుగా పెట్టుకుని, సెకనుకు 5 మీటర్ల గాలి మూతిలోకి కొడుతుండగా స్విచ్ వేస్తే ఏమవుతుంది? ఆ 15 పాస్కల్‌నే పరికరం సున్నా అనుకుంటుంది. తర్వాత గంటకు 36 కి.మీ. వేగంతో ఎగురుతుంటే డయల్ మీద 31 కనిపిస్తుంది. 72తో వెళ్తుంటే సుమారు 70. పై వేగాల్లో తప్పు కంటికే ఆనదు, కింది వేగాల్లో 5 కి.మీ. దెబ్బ. ఆ రోజు ఎగిరినంతసేపూ పైలట్ అక్కర్లేని స్పీడుతో ఎగురుతూ, గ్లైడర్ ఇవాళెందుకో తొందరగా దిగిపోతోందని అనుకుంటాడు. గొట్టం మూతికి వేలు అడ్డం పెట్టకుండా, చుట్టూ అరచేతులు కప్పి గాలి ఆపి ఆన్ చేస్తే ఈ సమస్య రాదు.

గొట్టంలో మంచు చుక్కో పురుగో ఇరుక్కోవడం, లోపలి సన్న పైపు మడతపడటం, జాయింట్ దగ్గర లీకు కావడం మామూలు చూపుకే దొరికే తప్పులు.

ఎగురుతూనే సరిచూడటం

జీపీఎస్‌ని ఎయిర్‌స్పీడ్‌గా వాడకూడదు, కానీ ఎయిర్‌స్పీడ్‌ని పరీక్షించడానికి అదే దిక్కు. నిలకడైన గాలి ఉన్న రోజున, థర్మల్స్ (పైకి లేచే వేడి గాలి) లేని పొద్దున పూటో సాయంత్రమో, డయల్ మీద ఒకే అంకె పట్టుకుని మెల్లగా పూర్తి చక్కర్లు రెండు మూడు కొట్టాలి. జీపీఎస్ ట్రాక్‌ని దిగాక చూసుకోవచ్చు. చక్కర్లో గ్రౌండ్‌స్పీడ్ గరిష్ఠం, కనిష్ఠం దొరుకుతాయి. ఈ రెండింటి సగటే ట్రూ స్పీడ్, తేడాలో సగం గాలి వేగం.

ఒక ఉదాహరణ. 2,000 మీటర్ల ఎత్తున డయల్‌ని 40 దగ్గర పట్టుకుని చక్కర్లు కొడితే గ్రౌండ్‌స్పీడ్ 34కీ 62కీ మధ్య ఊగింది. సగటు 48. గాలి 14. ఈ ఎత్తుకు 1.10తో భాగిస్తే నిజమైన ఇండికేటెడ్ స్పీడ్ సుమారు 43.5. అంటే పిటో మూడున్నర కి.మీ., 8 శాతం తక్కువ చూపిస్తోంది. రెక్క కింద గాలి నెమ్మదించే లెక్క చెప్పే దిశలోనే ఇదీ ఉంది. ఇదే పనిని 55 దగ్గరా, 70 దగ్గరా మళ్లీ చేస్తే మూడు బిందువుల పట్టిక చేతికొస్తుంది. చక్రం సెన్సర్‌కి అయితే సాంద్రత భాగహారం అక్కర్లేదు, నేరుగా 48తో పోల్చాలి.

చక్కర్ల బదులు గాలికి ఎదురుగా ఒకసారి, గాలి వాలున ఒకసారి తిన్నగా వెళ్లినా సరిపోతుంది. అక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. రెండు గుర్తుల మధ్య రానూపోనూ దూరాన్ని వెళ్లిన సమయం, వచ్చిన సమయం కలిపి భాగిస్తారు. పై ఉదాహరణలో అలా చేస్తే 48 రాదు, సుమారు 44 వస్తుంది. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడిచింది కాబట్టి ఆ నెమ్మది వేగం లెక్కలో ఎక్కువ బరువు తూగుతుంది. సగటు తీయాల్సింది వేగాలకి.

కారుకి కట్టి పరీక్షించడం వినడానికి తేలికే. కానీ కారు కూడా గాలిని రెక్కలాగే కెలుకుతుంది. పైకప్పు మీద గాలి వేగం పెరుగుతుంది, బానెట్ ముందు తగ్గుతుంది. పొడుగాటి కర్రకి కట్టి కారుకి బాగా ముందో పైనో పెట్టి, గాలి లేని పూట రెండు దిక్కులా నడిపితే సెన్సర్ సొంత పొరపాటు తెలుస్తుంది. గ్లైడర్ మీద ఎలా ఉంటుందో మాత్రం తెలియదు.

తప్పు అంకె ఎక్కడ బయటపడుతుంది

స్టాల్ వైపు పొరపాటు గురించి అందరూ మాట్లాడతారు. నిజానికి డయల్ తక్కువ చూపించే పరికరం స్టాల్ విషయంలో క్షేమం వైపే తోస్తుంది. ఇబ్బంది రెండో చివర. గ్లైడర్‌కి దాటకూడని గరిష్ఠ వేగం ఒకటి ముద్రించి ఉంటుంది. పరికరం తక్కువ చూపిస్తుంటే ఆ గీత దాటినా దాటలేదనే అనిపిస్తుంది. ఎత్తున చక్రం సెన్సర్‌ది తలకిందుల వ్యవహారం. గరిష్ఠ వేగం విషయంలో అది ముందే భయపెడుతుంది, స్టాల్ విషయంలో లేని ధైర్యం ఇస్తుంది. 3,000 మీటర్ల దగ్గర అది 36 చూపుతుంటే రెక్కకు అందుతున్నది 31 పాటి పీడనమే.

క్రాస్‌కంట్రీ (దూర ప్రయాణం) ఎగిరేవారికి నష్టం వేరే రూపంలో వస్తుంది. థర్మల్స్ మధ్య ఎంత వేగంతో వెళ్లాలన్న లెక్కకి ప్రాచుర్యం తెచ్చినవాడు పాల్ మెక్‌క్రెడీ, 1956 ప్రపంచ గ్లైడింగ్ చాంపియన్. ఆ లెక్కంతా గ్లైడర్ పోలార్ వక్రరేఖ (ఏ వేగంలో ఎంత తొందరగా కిందికి దిగుతుందో చూపే గీత) మీద నడుస్తుంది. డయల్ పొరపాటుగా ఉంటే వేరే గ్లైడర్ పోలార్‌తో ఎగిరినట్టే.

టోటల్ ఎనర్జీ వేరియోలో (పైకి లేస్తున్నామో దిగుతున్నామో బీప్‌తో చెబుతూ, స్పీడు మార్పు వల్ల వచ్చే ఎత్తును తీసేసే పరికరం) ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. 60 నుంచి 40కి స్పీడు తగ్గిస్తే ఆ శక్తి సుమారు 8 మీటర్ల ఎత్తుగా మారుతుంది. అది థర్మల్ కాదని తెలుసుకుని వేరియో ఆ 8 మీటర్లు తీసేయాలి. ఎయిర్‌స్పీడ్ 10 శాతం తక్కువ చెబుతుంటే వేరియో తీసేసేది 6.4 మీటర్లే. మూడు సెకన్లలో జరిగే ఈ మార్పులో మిగిలిన మీటరున్నర, సెకనుకు అర మీటరు పైకి లేచే గాలిగా బీప్ కొడుతుంది. అక్కడ ఏమీ లేకపోయినా పైలట్ మలుపు మొదలుపెడతాడు.

స్టాల్ అసలు వేగం వల్ల కాదు, దాడి కోణం వల్ల వస్తుంది. బార్ ఎంత ముందుకు పోయింది, చేతిలో ఎంత మెత్తబడింది, చెవిలో గాలి ఎంత సద్దుమణిగింది అన్నవి ఆ కోణానికి డయల్ కంటే దగ్గరి సాక్షులు. అనుభవజ్ఞుల్లో కొందరు ఎయిర్‌స్పీడ్ పరికరమే లేకుండా ఎగరడానికి కారణం ఇదే. అయితే ఫుల్‌ఫేస్ హెల్మెట్ చెవి సాక్ష్యాన్ని సగం చెరిపేస్తుంది. సాయంత్రపు అలసట చేతి సాక్ష్యాన్నీ మొద్దుబారుస్తుంది. అప్పుడు చూసేది డయల్‌నే. ఆ డయల్ మీది అంకె తన గ్లైడర్‌కి, తన బరువుకి, ఆ క్లాంపు ఉన్న చోటుకి సరిచూసినదై ఉండాలి. పక్క పైలట్ స్టాల్ అంకెని అరువు తెచ్చుకోవడం కుదరదు. మొత్తం బరువు 10 శాతం పెరిగితే స్టాల్ వేగం 5 శాతం పెరుగుతుంది. హార్నెస్ (పైలట్ వేలాడే పట్టీల అమరిక) మార్చినా, పాడ్ మార్చినా, సెన్సర్‌ని నాలుగు వేళ్లు పక్కకు జరిపినా పాత పట్టిక చెల్లదు, చక్కర్లు మళ్లీ మొదటి నుంచి కొట్టాల్సిందే.